బ్రూనోకు వేడి అన్నం

"వేడి లేదు," అన్నాడు హరికిషన్, కంచాన్ని వేలితో కొంచెం ముందుకు నెట్టి.

వసుధ కంచం తీసుకుని నడవా దాటి వంటింట్లోకి పోయింది, పప్పు మళ్లీ పొయ్యి మీద పెట్టింది. పెళ్లైన కొత్తలో ఒకసారి "ఇప్పుడే దించిన కదా" అంది. "అంటే నేను అబద్ధం చెప్తున్ననా?" అని అడిగాడు, కోపంగా కూడా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. అన్నం వేడిగా ఉందో లేదో తేల్చాల్సింది తినేవాడి నాలుకే గానీ దించినామె చెయ్యి కాదని వసుధకు ఆ పూటే తెలిసొచ్చింది. బోయిగూడలోని ఆ పాత ఇంట్లో వంటిల్లు వెనకాల, తినే గది ముందర. మధ్యన పొడుగాటి నడవా. ఇల్లు కట్టించిన మామగారు ఆ నడవాలో ఏనాడూ కంచం పట్టుకుని నడిచి ఉండడు. నడిచి ఉంటే అన్నం ఎక్కడ చల్లారుతోందో ఆయనకు తెలిసేది.

ఆ ఇంటి మర్యాదంతా వేడిలోనే ఉంది. ఫుల్కా పొంగింది పొంగినట్టే హరికిషన్ కంచంలో పడాలి. అత్తగారు కమలాబాయికి చారు పొగలు కక్కుతూ రావాలి. కొడుకు సత్యదేవ్ ఆఫీసు నుంచి ఏ వేళకు వచ్చినా కూర మళ్లీ పొయ్యెక్కాలి. "చల్లన్నం మనిషికి పెడ్తరా ఎవరన్న?" అంటుంది కమలాబాయి ఎప్పుడూ. మరి అందరూ తిన్నాక గట్టిపడిన అన్నం, గిన్నె అంచులకు ఎండిపోయిన పప్పు తినే వసుధ ఎవరు? ఆ ప్రశ్న అక్కడ ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో వసుధకూ రాలేదు. "ఒక్కదాని కోసం మళ్ల పొయ్యి ముట్టిస్తవా?" అని అత్తగారు ఎప్పుడో ఒకసారి అన్నది. ఆ ఒక్క మాట ఇన్నేళ్లకూ సరిపోయింది.

వంటింటి గడప దగ్గర బ్రూనో పడుకుని ఉండేవాడు. తేనెరంగు లాబ్రడార్. సత్యదేవ్ కాలేజీలో ఉన్నప్పుడు ఎవరో స్నేహితుడు ఇచ్చాడని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. "మమ్మీ, మొత్తం నేనే చూస్కుంట, ప్రామిస్" అన్నాడు. ఫోటోలు దిగడం వరకు చూసుకున్నాడు, పాపం, అబద్ధం ఆడకూడదు. తరవాత ఉద్యోగం వచ్చింది, తీరిక లేదన్నాడు. స్నానం చేయించడం, బన్సీలాల్‌పేట్ వైపు తిప్పుకు రావడం, రాలిన వెంట్రుకలు సోఫాల కింది నుంచి ఏరడం వసుధకు వచ్చిపడ్డాయి. ఆమె మీద పడే పనులు ఎప్పుడూ అంతే, ఒకరు మొదలుపెడతారు, ఆమె చేస్తుంది. కమలాబాయికి నోరు తిరగక వాణ్ణి "బూను" అనేది. వాడు ఆ పేరుకీ తోకాడించేవాడు.

అందరూ తినేదాకా వాడు గడప మీద తల ఆనించి ఉండేవాడు. ఎవరు పిలిచి బిస్కెట్ చూపినా లేచేవాడు కాదు. వసుధ తినడానికి కూర్చుంటేనే లేచేవాడు. ఆ ఇంట్లో ఆమె తిన్నదో లేదో చూసే ప్రాణి అదొక్కటే. అందుకే వాడికి మాత్రం ఆమె చల్లన్నం పెట్టలేదు. తనకోసం ముట్టించని పొయ్యి వాడికోసం ముట్టించేది. అన్నంలో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు, కోడిమాంసం నీళ్లు కలిపి, పొగలు వచ్చేదాకా వేడిచేసి, ఊది ఊది కలిపి పెట్టేది. వాడు అలవాటుగా కాస్త ఆగి, ముక్కుతో వేడి చూసుకుని తినేవాడు. "నా గతి నీకెందుకురా" అనుకునేది. వాడికి వేడి అన్నం పెట్టి తాను చల్లది తింటుంటే ఆమెకు తృప్తిగా ఉండేది. అందులో నవ్వుకోవాల్సింది కూడా ఉందని ఆమెకు తెలుసు, అయినా నవ్వొచ్చేది కాదు.

వానలు మొదలయ్యాక బ్రూనోకు జ్వరం వచ్చింది. డాక్టర్ యాంటీబయాటిక్ ఇచ్చారు. జ్వరం తగ్గింది గానీ కడుపు పాడైంది. తిన్నది తిన్నట్టే నీళ్లలా పోయేది. పెద్ద కుక్క, ఆపుకోలేకపోయేవాడు. వాకిట్లో, నడవాలో, ఒకసారి కమలాబాయి పూజగది ముందర. చేసి, తప్పు చేసినట్టు గోడకు ముఖం పెట్టుకుని నిలబడేవాడు. వసుధ బకెట్, ఫినాయిల్ పట్టుకుని ఇల్లంతా తిరిగేది. చేతులకు ఆ వాసన పోయేది కాదు. సబ్బుతో రుద్దుకుని వడ్డించినా హరికిషన్ ముక్కు ఎగబీల్చి చూసేవాడు.

"మళ్ల డాక్టర్‌కు చూపిద్దం, నేను సుత వస్త," అంది.

"నువ్వొచ్చి ఏం జేస్తవ్? వంట చూస్కో. దుకాణానికి పోయేటప్పుడు ట్రాలీల ఎక్కించుకపోత," అన్నాడు హరికిషన్. రాణిగంజ్‌లో అతనికి మోటారు పంపుల దుకాణం ఉంది, సరుకు తిప్పడానికి ట్రాలీ ఆటో ఉంది. పంపుల పక్కన బ్రూనోను కూర్చోబెట్టుకుని పోయాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు జేబులోంచి పొడి పొట్లాలు కొన్ని తీసి బల్ల మీద పడేశాడు.

"ఏమన్నరు డాక్టరు?"

"కడుపు మంచిగ అయ్యే పొడి. తిండిల కలిపి పెట్టమన్నరు. జెర అన్నం పెట్టు ముందు, ఆకలైతున్నది."

అంతే. డాక్టరు చెప్పిందంతా ఆయన చెవిన పడి, నడవాలో అన్నంలాగే దారిలో చల్లారి, ఈ నాలుగు మాటలై ఆమెకు చేరింది. పొట్లం మీద మందు పేరు తప్ప ఏమీ లేదు. తిండిలో కలపాలి, కలుపుతుంది. పొగలు వచ్చే అన్నంలో ఆ తెల్లటి పొడి పోసి, గడ్డలు కట్టకుండా వేళ్లు కాల్చుకుంటూ కలిపి పెట్టింది. ఒక్క పూట కూడా మరిచిపోలేదు. తన బీపీ మాత్ర మరిచిపోయిన రోజులు ఉన్నాయి గానీ వాడి పొడి మరిచిపోయిన రోజు లేదు.

తగ్గలేదు.

అప్పుడే సత్యదేవ్‌కు సంబంధం కుదిరేలా ఉంది. అమ్మాయి పేరు భవాని, అతను పనిచేసే చోటే పనిచేస్తుంది, ఇద్దరికీ ఇష్టమే. పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. అమ్మాయివాళ్లు ఇల్లు చూడడానికి భోజనానికి వస్తామన్నారు. కమలాబాయి ఆ కబురు వినగానే ముందు ముక్కు పట్టుకుని నడవా కేసి చూసింది.

"గీ వాసనల కూసోవెడ్తవా వాళ్లను? పొల్లనిస్తరా ఇంక?"

హరికిషన్ తీర్పు చెప్పేశాడు. "వాళ్లొచ్చేలోపట మంచిగైతే సరే. లేకుంటె దాన్ని ఏడనన్న ఇడ్శిపెట్టొస్త. నీతోని అయితలేదు గదా. ఇంట్ల కూసోని ఒక్క కుక్కను సుత చూస్కోరాదు నీకు."

సత్యదేవ్ ఫోన్‌లోంచి తలెత్తి, "డాడీ, పాపం..." అని, మళ్లీ ఫోన్‌లోకి దిగిపోయాడు.

ఆ రోజు నుంచి వసుధకు వేరే ఆలోచన లేదు. పొద్దున అందరికంటే ముందు లేచి వాకిలి చూసేది. కనబడింది కనబడినట్టు కడిగేసేది. "ఇయ్యాల మంచిగనే పోయిండా గా బూను?" అని కమలాబాయి అడిగితే "మంచిగనే పోయిండు అత్తమ్మా" అని చెప్పేది. ఒక కుక్క విసర్జన గురించి అత్తగారికి అబద్ధాలు చెప్పే స్థితికి వచ్చానా అనుకుని, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చేది. తాను ఇంటర్లో క్లాస్ ఫస్టు, బీయస్సీలో చేరింది, పూర్తి చెయ్యకుండానే పెళ్లి చేశారు. ఇన్నేళ్లలో ఆమె ఎవరితోనైనా పంతం పట్టిన సంగతి ఏదైనా ఉంటే, అది ఈ కుక్క కడుపు కుదుటపడాలన్నదే. వాడు ఆ గడప దగ్గర లేకపోతే ఆ ఇంట్లో ఆమెకోసం లేచే ప్రాణం ఇంకొకటి లేదు. పొడి ఇంకాస్త ఎక్కువ వేసింది. అన్నం ఇంకాస్త ఉడికించింది, మెత్తగా ఉంటే అరుగుతుందని. ఇంకాస్త వేడిగా పెట్టింది, వేడిగా ఉంటే కడుపుకు మంచిదని. సాయంత్రాలు పెరుగుకు పాలు పెట్టుకుని, చిటికెన వేలు ముంచి గోరువెచ్చగా ఉన్నాయో లేవో చూసి తోడు వేస్తూ, దేవుళ్లకు మొక్కుకునేది.

బ్రూనో చిక్కిపోయాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనబడేవి. అయినా కంచం ఖాళీ చేసేవాడు. ఆమె పెట్టింది కదా మరి.

వాళ్లు వచ్చే రోజు దగ్గరపడింది. వసుధ మోండా మార్కెట్‌కు కూరలకు పోయింది. సంచులు రెండు చేతులా పట్టుకుని ఇంటికి వస్తే వాకిలి ఫినాయిల్ వాసన కొడుతోంది. ఎవరో కడిగారు. తాను కాకుండా ఆ ఇంట్లో ఎవరైనా నేల కడగడం అదే మొదటిసారి. బ్రూనో గొలుసు మేకుకు వేలాడుతోంది. సంచులు అక్కడే వదిలేసి నడవాలోకి పరుగెత్తింది.

"మా దోస్త్ పొలంల పెట్టొచ్చినం," అన్నాడు హరికిషన్. "మంచిగ ఉంటడు. ఖుల్లా జాగ, మస్తు ఉరకొచ్చు."

"ఏ దోస్త్? పొలం ఏడ?"

"ఏందీ సవాళ్లు? చెప్తే నీకెరుకైతదా?"

ఆమె సత్యదేవ్ వైపు చూసింది. వాడు చూపు తప్పించాడు. కన్నకొడుకు కదా, వాడు ఏదైనా దాస్తే ముందు వంగిన వాడి మెడే ఆమెకు చెప్పేస్తుంది. వాడి గదిలోకి వెంబడించి అడిగింది. చాలాసేపు కాదు, రెండోసారికే చెప్పేశాడు. మౌలాలి గుట్ట కింద. ట్రాలీలోంచి దింపి, బిస్కెట్ ప్యాకెట్ చింపి పోసి, వాడు వంగి వాసన చూస్తుండగా వచ్చేశారు.

"నువ్వు సుత పోయినవా?"

"డాడీ ఒక్కరితోని దిగడు మమ్మీ. వాడు నా మాట వింటడని..." అని ఆగిపోయాడు.

తెల్లవారి, ఇంట్లో మగవాళ్లు బయటపడగానే, వసుధ ఆటో మాట్లాడుకుని మౌలాలి పోయింది. గుట్ట మెట్ల దగ్గర, రైల్వే క్వార్టర్ల సందుల్లో, చెత్తకుండీల వెనక పేరు పెట్టి పిలుచుకుంటూ తిరిగింది. పెద్దదానికి, పద్ధతైన చీర కట్టుకున్న దానికి, రోడ్ల మీద అలా అరవడం సిగ్గనిపించాలి. అనిపించలేదు. ఏవేవో కుక్కలు వచ్చి చూసి పోయాయి. గుట్ట కింద పూలు అమ్మే ముసలామె చివరికి చెప్పింది.

"పసుప్పచ్చగ, పెద్దది, గదేనా? నిన్న ఈడనే ఉండె బిడ్డా. బిస్కెట్లు సుత ముట్టలే. ట్రాలీ ఆటో వచ్చినప్పుడల్ల లేచి ఉరికింది. ఎన్ని ట్రాలీలొస్తయి ఈడ! అన్నిటెంబడి ఉరికి, మళ్ల వచ్చి గదే జాగల కూసునేది. మాపటి నుంచి కనవడ్తలేదు."

వసుధ ఆ పూల బుట్టల పక్కనే కూలబడింది. ముసలామె నీళ్లిచ్చింది. బిస్కెట్ చూపితే లేవని వాడు తినలేదు సరే. వాడు ఎదురుచూసింది ట్రాలీ కోసం కాదు, తనకోసం. ట్రాలీ ఎక్కితే ఇంటికి పోవచ్చని, అక్కడ తాను ఉంటుందని. ఆ నమ్మకంతో వాడు ఎంత దూరం పరుగెత్తాడో, ఎక్కడ పడిపోయాడో. ఆ కడుపుతో ఎంత దూరం పోగలడు?

తిరిగి వస్తూ బ్రూనోకు మందిచ్చిన పశువుల ఆసుపత్రి దగ్గర ఆటో ఆపించింది. ఎందుకు ఆపించిందో తనకే తెలీదు. సంచిలో, వాడు దొరికితే పెడదామని తెచ్చిన పొడి పొట్లాలు ఉన్నాయి. ఎవరి పిల్లికో కుక్కకో పనికొస్తాయి, ఇచ్చేద్దాం అనుకుంది. లోపల డాక్టర్ అఫీఫా ఒక పిల్లిని చూస్తోంది. చిన్న వయసు, నవ్వు ముఖం. పిల్లిని బుట్టలో తెచ్చిన పెద్దామె పేరు మహమూదా అని పిలుపుతో తెలిసింది.

"మీరు చెప్పినట్లనే ఇస్తున్న డాక్టరమ్మా. పాలు మంచిగ మరగబెట్టి, దాంట్ల పొడి కలిపి పోస్తున్న. అయినా దీని తక్లీఫ్ తగ్గలే," అంటోంది మహమూదా.

డాక్టర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "మరిగే పాలల్లనా ఖాలా? గందుకే తగ్గలే! పిల్లికి పాలే వద్దంటే మీరు మరగబెట్టి పోస్తున్నరు. దీనికి ఇచ్చిన జ్వరం మందు కడుపులో చెడ్డ బ్యాక్టీరియాతోని పాటు మంచివాటిని సుత చంపింది. ఈ పొడిలో ఉన్నవి ఆ మంచివే. ప్రాణమున్నవి. వేడి తగిల్తే చచ్చిపోతయి. చల్లారిన తిండిలనే కలపాలె. మీరు పెరుగు తోడెయ్యరా ఇంట్ల? మరిగే పాలల్ల తోడేస్తే పెరుగైతదా?"

"యా అల్లా," అంది మహమూదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

వసుధ తన చిటికెన వేలు చూసుకుంది. రోజూ సాయంత్రం పాలలో ముంచే వేలు. అది గోరువెచ్చన అంటే ఏమిటో అందరికంటే బాగా తెలిసిన వేలు. తెలిసీ, ఆ చేత్తోనే, పొగలు కక్కే అన్నంలో ఆ ప్రాణాలను పూటపూటా పోసి, ఊది ఊది చంపి, వాడికి పెట్టింది. ప్రేమగా పెట్టింది. ఆ ఇంట్లో ప్రేమ అంటే వేడన్నం పెట్టడమని నేర్చుకుంది కదా, ఆ నేర్చుకున్నదే వాడికి చేసింది. తాను తినే చల్లన్నంలో ఒక్క పిడికెడు వాడికి పెట్టి ఉంటే బతికేవాడు. నేనే చంపుకున్నాను అనుకుంది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది.

"ఆంటీ? ఏమైంది ఆంటీ?" డాక్టర్ లేచి వచ్చింది. బ్రూనో వాళ్ల ఆంటీ అని తెలుసుకుని కూర్చోబెట్టింది. వసుధ చెప్పింది విని నిదానంగా అంది. "నేను సార్‌కు చెప్పిన ఆంటీ. వేడిల వద్దని గట్టిగ చెప్పిన. 'నాకు గివన్ని యాదుండయ్, మా ఇంట్ల ఆమె చూస్కుంటది' అన్నరు. మరి ఆంటీ నంబర్ ఇయ్యండి, నేనే చెప్త అన్న. 'అక్కర్లేదు, నేన్ చెప్త' అన్నరు. చెప్పలేదా?"

వసుధ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడెట్లున్నడు బ్రూనో? తీస్కరండి, చూద్దం. ఇంకా లేటేం కాలే."

"పొలానికి పంపించినం," అంది వసుధ. "దోస్త్ పొలంల. ఖుల్లా జాగ."

ఆ మాట తన నోట్లోంచి అంత సాఫీగా ఎలా వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. ఇంటి పరువు కాపాడమని ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకుండానే నోరు ఆ పని చేసేసింది, చెయ్యి నేల కడిగినట్టు. డాక్టర్ ముఖం విప్పారింది. "మంచిగైంది ఆంటీ" అంది. ఆ సంతోషం చూసి వసుధకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం హరికిషన్ వచ్చి కూర్చున్నాక అడిగింది. గొంతు పెంచలేదు.

"వేడి అన్నంల కలపొద్దని డాక్టరమ్మ మీకు చెప్పిందట."

"చెప్పిందేమో. నీకు చెప్పిన గదా."

"చెప్పలేదు."

"చెప్పిన. నువ్వే విని ఉండవ్. నీ ధ్యాస ఏడుంటది అసలు?" ఫుల్కా తుంచి చూశాడు. "ఇది సల్లగైంది, ఇంకోటి తే. అయిపోయినదానికి ఇప్పుడు పరేషాన్ ఎందుకు? కుక్క అది."

ఆమె అక్కడే నిలబడి వెతుక్కుంది. చెప్పాడేమో, తానే వినలేదేమో అని. అదీ ఆమె దురవస్థ. ఇన్నేళ్లలో ఆయన "చెప్పిన" అన్నప్పుడల్లా ఆమె తన చెవులనే అనుమానించింది. ఈసారి మాత్రం డాక్టర్ గొంతు అడ్డం నిలిచింది. ఈసారి ఆమెకు ఖాయంగా తెలుసు. తెలిసి ఏం చేస్తుంది? ఖాయంగా తెలియడం వల్ల బ్రూనో రాడు.

వంటింట్లోకి కమలాబాయి వచ్చింది. ఎప్పుడూ రానిది, వచ్చి పీట వేసుకుని కూర్చుంది. ఆమె చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఎంత సులువుగా ఉండేది.

"ఊకో బిడ్డా. నాకెరుక లేదా? నీ అత్త ఏం సుఖపడ్డదనుకుంటున్నవ్? నువ్వొచ్చిందాంక నేను సుత చల్లదే తిన్న. మా అత్త తిన్నంక, మీ మామ తిన్నంక. నువ్వొచ్చినవ్, నా కంచంల పొగలొచ్చినయ్." నవ్వింది, వసుధ వీపు నిమిరింది. "జెర ఓపిక పట్టు. కోడలు పొల్లొస్తున్నది గదా. నీకు సుత వేడి వేడిగ పెడ్తది. ఇంక నీ కష్టం ఒడిశింది."

అది ఓదార్పు. నిజమైన ఓదార్పు, ప్రేమతో చెప్పింది. అందుకే వసుధకు ఒళ్లు చల్లబడింది. ఆ ఇంట్లో ఒక ఆడదానికి వేడన్నం దొరికే దారి అదొక్కటే అన్నమాట, తన చోట చల్లన్నం తినడానికి ఇంకో ఆడది రావాలి. తాను రోజూ కమలాబాయి కంచంలో పోసిన పొగ, తన కంచంలోంచి తీసిందే. రేపు ఆ పొగ భవాని కంచంలోంచి తియ్యాలి. తియ్యకపోయినా వాళ్లే తీసి తన ముందు పెడతారు, తిను, ఇంతకాలం ఓపిక పట్టావుగా అని. తాను తింటుందేమో కూడా. అత్తగారు కూడా ఒకప్పుడు తినకూడదనుకునే ఉంటుంది.

భవాని వాళ్లు వచ్చారు. తల్లి, తండ్రి, భవాని. ఇల్లు మెరిసిపోతోంది, అగరొత్తుల వాసన తప్ప ఇంకేమీ లేదు. పూజగది ముందర నేల పాలరాయిలా ఉంది. హరికిషన్ నడవా పొడుగు చూపించి "పాత కట్టుబడి, ఇప్పుడెవరు కడ్తరు గిట్ల" అన్నాడు. వసుధ నడవాలో అటూ ఇటూ తిరుగుతూ వడ్డించింది. పూరీలు, బగారన్నం, దాల్చా, పెరుగుపచ్చడి. అన్నీ పొగలు కక్కుతూ.

"మీరు సుత కూసోండి వదినా," అంది భవాని తల్లి.

"ఆమె అందరు తిన్నంకనే తింటది," అంది కమలాబాయి గర్వంగా. "వేడిగ తినాల్నని ఏనాడు అడగలే. గసొంటి కోడలు దొరకదు."

"గదే కదా ఇంటికి అందం," అన్నాడు భవాని తండ్రి. అందరూ వసుధను మెచ్చుకోలుగా చూశారు. ఆమె ఖాళీ గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

వెనకాలే భవాని వచ్చింది. ఇంకా తినలేదు, కంచం ముందు పెట్టుకోలేదు. చున్నీ నడుముకు చుట్టుకుంది.

"ఆంటీ, హెల్ప్ చేస్త. పూరీలు నేను వత్తనా?" అని, గడప దగ్గర వంగి చూసింది. ఆ గడప చెక్క మీద గోళ్ల గీతలు ఉన్నాయి, అవి కడిగితే పోలేదు. "బ్రూనో ఈడనే పండుకునేటోడు కదా? సత్య ఫోటోలు చూపించిండు. నాకు వాణ్ణి చూడాలని ఎంతుండెనో. పొలంల ఉన్నడట కదా, ఎప్పుడన్న పోదమా ఆంటీ?"

వసుధ నోరు తెరిచింది. ఖుల్లా జాగ అన్న మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది.

"నువ్వు తినలేదా అమ్మా?" అని అడిగింది.

"మీరు తినలే కదా. పాపం ఒక్కరే తింటరు. నేను సుత అందరైనంక మీతోనే తింట," అంది భవాని, ఎంత మంచిగానో నవ్వి.

అప్పటికే మొదలైంది. ఎవరూ చెప్పకుండానే, మంచితనంతోనే, పిల్ల వచ్చి గడప దగ్గర నిలబడింది. బ్రూనో కూడా అంతే, ఎవరూ కట్టెయ్యలేదు వాణ్ణి ఆ గడపకు. వసుధ పొయ్యి ఆర్పింది. ముందు గదిలోంచి హరికిషన్ "పూరీలు!" అని కేక వేశాడు. ఆమె కదల్లేదు. కంచం తీసి, కుక్కర్ అడుగునుంచి పొగలు వస్తున్న అన్నం పెట్టింది, దాల్చా పోసింది, పీట వాల్చి పిల్ల భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"బ్రూనో పొలంల లేడు. మౌలాలిల ఇడ్శిపెట్టొచ్చిన్రు, మీ మామ, సత్య కలిసి. వాని కడుపు నా చేతులతోనే పాడు చేసిన, వేడి అన్నంల మందు కలిపి. కలపొద్దని డాక్టరు చెప్పింది. మీ మామ నాకు చెప్పలే. అడిగితే, చెప్పిన అన్నడు."

భవాని ముఖంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చెయ్యి కంచం మీద గాలిలో ఉంది. నడవాలో అడుగుల చప్పుడు దగ్గరవుతోంది, "ఏమే, వినవడ్తలేదా?" అన్న గొంతుతో సహా. వసుధ కంచాన్ని పిల్ల దగ్గరికి జరిపింది.

"తిను బిడ్డా, పొగలుండంగనే తిను. ఈ ఇంట్ల నువ్వు వేడిగ తినేది ఈ ఒక్క పూటే."